కెరటాలకు ఎక్కాలు రావు

మంగమారిపేట ఒడ్డు ఇంకా నూట యాభై గజాలుంది.
ఇంజన్ ఆపలేదు, ముందుకూ పోనివ్వడం లేదు.
అణియం సముద్రం వైపు తిప్పి
కెరటాలు విరిగే చోటికి ఇవతలే ఆగాను.
పడవలో ముగ్గురం:
నేను, పోర్టు లెక్కల ఆఫీసులో నా పక్క కుర్చీ హైమావతి,
ఆమె మేనల్లుడు తారకేశు.
ఐసు కరిగిన డబ్బాలో మూడు కానాగంతలు.

"వచ్చేశాంగా, పద" అంటుంది హైమ.

రాలేదు.
లోతులో మునగడం అందరికీ భయమే.
మోకాలి లోతుకి ఎవరూ భయపడరు.

నా ఎడమ మోకాలికి మాత్రం తెలుసు.
పోయిన కార్తీకంలో, లాసన్స్ బేలో,
ఒడ్డుకీ పడవకీ మధ్య నిలబడి
దూడని లాక్కొచ్చినట్టు మురిపెంగా లాగాను.
వెనకనుంచి ఒక కెరటం, అంత పెద్దదేం కాదు,
అమరాన్ని ఎత్తింది.
రెండు వందల యాభై కిలోల నీలిరంగు ఫైబరు
నా మీదికి నడిచొచ్చింది.
కేజీహెచ్‌లో ఎక్స్‌రే చూసిన కుర్ర డాక్టరు
"బండి గుద్దిందా?" అన్నాడు.
"పడవ" అన్నాను.
రాసుకోలేదు.

కట్టు విప్పాక అర్జిల్లి దానయ్య దగ్గరికి వెళ్లాను.
ఆయన కుడిచేతి చూపుడు వేలు సగమే.
"తాడు సేతికి సుట్టుకున్నాను.
పడవెల్లిపోనాది. ఏలూ ఎల్లిపోనాది."
మొదటి పాఠం అది. ఫీజు ఆయనే ముందు కట్టేశాడు.

రెండో పాఠానికి పడవ ఎక్కనివ్వలేదు.
మధ్యాహ్నమంతా ఇసకలో కూర్చోబెట్టాడు.
"ఏటి సూశావు?"
"కెరటాలు."
"మల్లీ సూడు."
ఏడోది పెద్దదంటారు కదా అని వేళ్లు ముడవబోతే
పళ్లులేని నోటితో నవ్వాడు.
"కెరటాలకి ఎక్కాలు రావమ్మీ.
ఒకపాలి అయిదు, ఒకపాలి పన్నెండు.
పెద్దవి గుంపుగా ఒస్తాయి, పెళ్లోరి లాగ.
ఆలెల్లాక కూసింత సందుంతాది.
సందులో రా."

అదిగో, పెళ్లివారు.
ఒకటి మమ్మల్ని ఎత్తి దించింది. రెండు. మూడు.
నాలుగోది వెళ్లి ఒడ్డున ఫెళ్లుమంది.
ఎడమవైపు నీళ్లు నున్నగా, రమ్మన్నట్టున్నాయి.
వెనక్కి పోతున్న నురగని చూసి అటు పోలేదు,
కింద రాళ్లున్నాయని కూడా ఇప్పుడు తెలుసు.
తిన్నగా ఎదురుగా ఒక కుటుంబం
మాకు వీపు పెట్టి ఫోటో దిగుతోంది.
విజిల్ ఊదాను. ఇంకోసారి. పక్కకి జరిగారు.

"బకిల్ పెట్టుకో."
"ఒడ్డొచ్చేసింది కదాంటీ?"
"పెట్టు."
ఇంజన్ని ఆపే ఎర్ర తీగ నా జాకెట్‌కే ఉంది:
నేను పడితే అదీ నోరు మూస్తుంది.

తిప్పాను.
ఒక కెరటాన్ని ముందు పోనిచ్చి
దాని వీపు వెనకే, దాటకుండా, జారిపోకుండా,
పల్లకీ వెనక నడిచినట్టు.
పడవ ముక్కు పక్కకి చూడబోతే సరిచేశాను.
అడ్డం తిరిగితే అంతే, దొర్లిస్తుంది.
హైమ లేచి నిలబడింది.
"కూసో!"
ఆ కేక నాదే గానీ గొంతు దానయ్యది.

ఇసక రంగు కనబడగానే ఇంజన్ ఆపి పైకెత్తాను.
కింద కర్ర్‌మంది.
తారకేశు ముందుకి దూకబోయాడు, కాలరు పట్టుకున్నాను.
"ముందుకి కాదు. సముద్రం వైపు పక్కనుంచి దిగు.
తాడు పట్టుకో, చుట్టుకోకు."
కెరటం ఎత్తినప్పుడు తోశాం,
దిగినప్పుడు ఊరుకున్నాం.
మూడు ఎత్తుల్లో తడి ఇసక దాటాం.

ఫోటోల ఆయన దగ్గరికొచ్చాడు.
"చాలాసేపు అక్కడే ఆగిపోయారు,
ఇంజన్ పాడైందాండీ?"

"అవునండీ, కాస్త" అన్నాను,
పడవని ఇంకో రెండడుగులు పైకి లాగుతూ,
పక్కన నిలబడి.